డబ్బాలో నీళ్లు ఎందుకు తగ్గుతున్నాయి? పాత కారులో కూలెంట్ లీకు కనిపెట్టడం, బాగు చేయించడం

వేసవి పెళ్లిళ్లు మొదలైతే మన ఇళ్లలోని పాత కార్లు కూడా దూర ప్రయాణానికి సిద్ధమవుతాయి. హోసూరు నుంచి కుప్పం, మదనపల్లె వైపు; బళ్లారి నుంచి అనంతపురం వైపు; సోలాపూర్ నుంచి హైదరాబాద్ వైపు; బరంపురం నుంచి శ్రీకాకుళం వైపు; కోరాపుట్ నుంచి ఘాట్ దిగి సాలూరు వైపు. ఏడాదంతా ఊళ్లో కూరగాయలకూ బడికీ తిరిగిన బండి ఒక్కసారిగా నలుగురు మనుషులతో, సామాన్లతో, ఏసీ వేసుకుని, 40 డిగ్రీల ఎండలో 200 కిలోమీటర్లు పరుగెత్తాలి. ఊళ్లో బయటపడని లోపాలు ఆ రోజు బయటపడతాయి. అందులో మొదటిది కూలెంట్ లీకు.

1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతి 800 లాంటి కార్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి. నాన్న కొన్నదనో, తాత ఇచ్చాడనో అమ్మబుద్ధి కాదు. 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకుని మరీ నడుపుతున్నాం. ఆ తరం ఇంజిన్లు సులువైనవి, సరిగ్గా చూసుకుంటే మన్నుతాయి. కానీ వేడి ఒక్కటీ వాటికి పడదు. ఏళ్ల తరబడి పనిచేసిన ఇంజిన్ కూడా నీళ్లు లేకుండా నాలుగైదు కిలోమీటర్లు నడిస్తే పాడైపోగలదు.

మేము చేసిన తప్పు

మాది హోసూరు. మా ఇంటి కారు కూడా ఆ తరానిదే. రెండేళ్ల కిందట బానెట్ తీసి చూసినప్పుడల్లా పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ కొంచెం కొంచెం తగ్గుతూ కనిపించేది. కారు కింద తడి లేదు. ముల్లు మధ్యలోనే నిలిచేది. "ఎండకు ఆవిరవుతుందిలే" అనుకుని వారానికోసారి ఇంటి బోరు నీళ్లే చెంబుతో పోసేవాళ్లం. అలా ఆరు నెలలు గడిచిపోయాయి.

మే నెలలో మదనపల్లెలో పెళ్లి. కుప్పం దాటి కొంత దూరం పోయాక ఏసీ గాలి వేడిగా రావడం మొదలైంది. ముల్లు ఎప్పుడు పైకి లేచిందో చూసుకోలేదు. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చాక ఆపాం. మా బావమరిది తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాడు. వెనక ఆగిన లారీ డ్రైవరు, పెద్దాయన, పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ముట్టుకోవద్దు సామీ, మొకం కాలిపోతాది" అన్నాడు. గంటసేపు చింతచెట్టు కింద కూర్చున్నాక మూత తీస్తే లోపల నీళ్లు అడుక్కి పోయి ఉన్నాయి. ముహూర్తానికి అందలేదు, భోజనాల వేళకు చేరాం.

తిరిగొచ్చాక ఒక వర్క్‌షాపులో చూపిస్తే, బానెట్ ఎత్తి రెండు నిమిషాలు చూసి "హెడ్ గాస్కెట్ పోయింది, ఇంజిన్ విప్పాలి" అన్నారు. చెప్పిన ఖర్చు ఆ కారు అమ్మితే వచ్చే ధరలో సగం. నాన్నగారు రెండు రోజులు మాట్లాడలేదు. బండి తీసేద్దామనే దాకా వచ్చింది. చివరికి తేలింది వేరే. ఆ సంగతి చెప్పేముందు ఈ నీళ్లు ఇంజిన్‌లో ఏం చేస్తాయో చూద్దాం. అది అర్థమైతే ఎవరు ఏం చెప్పినా మనం అడగాల్సిన ప్రశ్న అడగగలం.

ఆ నీళ్లు చేసే పని

పెట్రోలు మండితే వచ్చే వేడిలో సుమారు మూడో వంతును కూలెంట్ మోసుకుపోవాలి. వాటర్ పంపు దాన్ని సిలిండర్ల చుట్టూ, హెడ్ లోపలా తిప్పుతుంది. ఇంజిన్ వేడెక్కి 82 నుంచి 88 డిగ్రీల మధ్యకు రాగానే థర్మోస్టాట్ వాల్వ్ తెరుచుకుంటుంది. వేడి నీళ్లు పై హోస్ గుండా రేడియేటర్‌లోకి వెళ్లి, చల్లబడి, కింది హోస్ గుండా తిరిగి వస్తాయి. బండి నిలబడి ఉన్నప్పుడు గాలి తగలదు కాబట్టి ఫ్యాన్ తిరుగుతుంది.

చాలామందికి తెలియనిది ఒకటుంది. ఇదంతా ప్రెషర్ కుక్కర్ లాంటి ఏర్పాటు. సముద్ర మట్టం దగ్గర మామూలు నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. హోసూరు, బెంగళూరు ఎత్తులో అయితే సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. అంత ఒత్తిడి దాకా మూత ఆవిరిని ఆపి ఉంచుతుంది. 0.9 దగ్గర మామూలు నీళ్లు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. కూలెంట్ కలిపితే ఆ హద్దు ఇంకా పెరుగుతుంది.

కాబట్టి లీకు అంటే నీళ్లు పోవడం మాత్రమే కాదు, ఒత్తిడి పోవడం కూడా. సన్న పగులు ఉన్నా ఒత్తిడి నిలవదు. ఒత్తిడి లేకపోతే ఘాట్ ఎక్కేటప్పుడు నీళ్లు తొందరగా మరుగుతాయి. మరిగితే ఆవిరి బుడగలు చేరిన చోట లోహానికి నీళ్లు తగలవు. పాత చిన్న కార్లలో చాలావాటికి హెడ్ అల్యూమినియం, బ్లాక్ పోత ఇనుము. రెండూ ఒకేలా వ్యాకోచించవు. వేడి మితిమీరితే హెడ్ వంగుతుంది, మధ్యలోని గాస్కెట్ కాలిపోతుంది. తక్కువ ఖర్చుతో పోయే లీకు పెద్ద ఖర్చుగా మారేది ఇక్కడే.

ఇంకో మోసం టెంపరేచర్ ముల్లుది. దాని సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. నీళ్లు అంతకంటే కిందికి దిగితే సెన్సర్‌కు తగిలేది ఆవిరీ గాలీ మాత్రమే. ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు మధ్యలోనో, ఇంకా కిందనో ఉండొచ్చు. ముల్లు బాగానే ఉందన్న ధైర్యంతో ఉండకూడదని మేము ఆ రోజు నేర్చుకున్నాం.

చల్లారాకే మూత

పరీక్ష ఏదైనా పొద్దున్నే, బండి రాత్రంతా నిలబడి ఉన్నాక మొదలుపెట్టాలి. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, లోపలి నీళ్లు ఆ క్షణమే మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. గుడ్డ చుట్టుకున్నా లాభం లేదు. పై హోస్‌ను చేత్తో నొక్కి చూడండి. గట్టిగా, వేడిగా ఉంటే ఇంకా సమయం కాలేదు. మెత్తగా, చల్లగా ఉంటేనే మూత తిప్పండి. ఫ్యాన్ సంగతి కూడా గుర్తుంచుకోండి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపేసినా ఫ్యాన్ దానంతట అది తిరుగుతుంది. చీర కొంగు, చున్నీ, చేతి గాజులు దాని దగ్గరికి పోనివ్వకండి.

కూలెంట్‌లో ఎక్కువ భాగం ఎథిలిన్ గ్లైకాల్. అది విషం, పైగా తియ్యగా ఉంటుంది. పళ్లెంలో పట్టిన పాత కూలెంట్‌ను వాకిట్లో వదిలేస్తే కుక్కలో పిల్లలో నోట పెట్టే ప్రమాదం ఉంది. మూత ఉన్న డబ్బాలో పోసి, వాడినవి తీసుకునే గ్యారేజీకి ఇవ్వాలి. కాలువలో పోయకూడదు.

ఎక్కడెక్కడ చూడాలి

ముందుగా, కారు కింద కనిపించిన తడి కూలెంటేనా? ఏసీ వేసుకుని తిరిగితే ఎడమ వైపు కింద శుభ్రమైన నీళ్లు కారడం సహజం. వాటికి రంగూ వాసనా ఉండవు. కూలెంట్ అయితే ఆకుపచ్చగానో ఎర్రగానో ఉంటుంది, వేళ్ల మధ్య రుద్దితే కొంచెం జారుతుంది, తియ్యటి వాసన వస్తుంది. నల్లగా జిడ్డుగా ఉంటే అది ఇంజిన్ ఆయిల్. రాత్రి కారు కింద ఒక పాత న్యూస్‌పేపరు పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టండి. పొద్దున చుక్క ఎక్కడ పడిందో దానికి నేరుగా పైన వెతకండి.

తరువాత ఈ వరుసలో చూడండి. ఖర్చు తక్కువ ఉన్న భాగం నుంచి ఎక్కువ ఉన్న భాగం వైపు వెళ్లాలి.

మూత: లోపలి రబ్బరు గట్టిపడిందా, చీలిందా, స్ప్రింగ్ తుప్పు పట్టిందా? మూతలో రెండు వాల్వులు ఉంటాయి. ఒకటి ఒత్తిడి పెరిగితే నీళ్లను డబ్బాలోకి వదులుతుంది. రెండోది ఇంజిన్ చల్లారాక డబ్బాలోంచి నీళ్లను వెనక్కి లాక్కుంటుంది. రెండోది పనిచేయకపోతే పొద్దున పై హోస్ చప్పిడిగా నొక్కుకుపోయి కనిపిస్తుంది. మూత పాడైతే నీళ్లు డబ్బాలోకి పోయి, అక్కడి నుంచి పొర్లి రోడ్డు మీద పోతాయి. ఎక్కడా లీకు కనిపించదు. మార్చేటప్పుడు పాత మూత మీద ఉన్న అంకే కొత్తదాని మీదా ఉండాలి. ఎక్కువ అంకె ఉన్నది వేస్తే పాత హోస్‌లు తట్టుకోవు.

డబ్బా, దాని సన్న గొట్టం: డబ్బా అడుగున వెంట్రుకంత పగుళ్లు ఉంటాయి. గొట్టం మూత దగ్గర వదులుగా ఉంటే చల్లారేటప్పుడు నీళ్లకు బదులు గాలి లోపలికి పోతుంది. డబ్బా నిండుగానే ఉంటుంది, రేడియేటర్ మాత్రం ఖాళీ అవుతుంది. అందుకే వారానికోసారి చల్లారిన బండిలో రేడియేటర్ మూత తీసి కూడా చూడాలి. డబ్బా ఒక్కటీ చూస్తే చాలదు.

హోస్‌లు, క్లిప్పులు: పై హోస్, కింది హోస్, హీటర్‌కు పోయే రెండు సన్న హోస్‌లు, థర్మోస్టాట్ దగ్గరి పొట్టి హోస్. చివర్లు ఉబ్బాయా, నొక్కితే పగుళ్లు విచ్చుకుంటున్నాయా చూడండి. క్లిప్పు చుట్టూ తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే అక్కడ నీళ్లు కారి ఆరిపోతున్నాయన్నమాట.

రేడియేటర్: పాత ఇత్తడి, రాగి రేడియేటర్లలో అతుకులు విడిపోతాయి. తరువాతి వాటిలో మధ్య భాగం అల్యూమినియం, పై కింది ట్యాంకులు ప్లాస్టిక్. ఆ రెండూ కలిసే చోట రబ్బరు పట్టీ ఉంటుంది. ఏళ్లు గడిస్తే అది ఎండిపోయి ఆ అంచు వెంట కారుతుంది.

వాటర్ పంపు: పుల్లీ వెనక, పంపు కింది భాగంలో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీల్ అరిగిందని చెప్పడానికే దాన్ని పెట్టారు. అక్కడి నుంచి చారలు కారి ఉంటే పంపు మార్చాలి. ఆ రంధ్రాన్ని మూసేస్తే నీళ్లు బేరింగ్‌లోకి పోతాయి. బెల్టు తీసి పుల్లీని అటూ ఇటూ ఊపితే ఆడుతోందా, తిప్పితే గరగర శబ్దం వస్తోందా చూడాలి.

ఇంజిన్ పక్క బిళ్లలు: బ్లాక్ పక్కన రూపాయి బిళ్లకంటే పెద్దవి, గుండ్రటి ఇనుప రేకు మూతలు కొట్టి ఉంటాయి. కూలెంట్ లేకుండా మామూలు నీళ్లు వాడిన ఇంజిన్లలో ఇవి లోపలి నుంచి తుప్పు పట్టి చిల్లు పడతాయి. యానాం, బరంపురం లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల పైనుంచీ తుప్పు తోడవుతుంది.

కారు లోపల: డాష్‌బోర్డు వెనక హీటర్‌కు ఒక చిన్న రేడియేటర్ ఉంటుంది. అది కారితే కాళ్ల కింద మ్యాటు తడిసి జారుడుగా ఉంటుంది, అద్దం లోపల జిడ్డు మంచు పడుతుంది, తియ్యటి వాసన వస్తుంది. మనం హీటర్ ఎప్పుడూ వేయం కాబట్టి దాన్ని మరిచిపోతాం.

బయట ఏమీ కనిపించకపోతే

మా కారులో పై వరుసంతా చూసినా ఏమీ దొరకలేదు. మా వీధి చివర చిన్న షెడ్డు పెట్టుకున్న కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లాం. వర్క్‌షాపులో చెప్పినది చెప్తే నవ్వి, "గాస్కెట్ పోయిందని ఎట్ల చెప్పినారన్నా, ఏం చూసి చెప్పినారు? ముందు గాలి కొట్టి చూద్దాం" అన్నాడు.

దాన్నే ప్రెషర్ టెస్ట్ అంటారు. చల్లటి ఇంజిన్‌లో రేడియేటర్ నిండా నీళ్లు పోసి, మూత స్థానంలో ఒక చేతి పంపు బిగిస్తారు. దానికి మీటరు ఉంటుంది. మూత మీద ఉన్న అంకె దాకా గాలి కొడతారు. అంతకు మించి కొట్టకూడదు. పదిహేను నిమిషాలు వదిలేస్తారు. ముల్లు కదలకపోతే లీకు లేదు. దిగుతూ ఉంటే ఎక్కడో పోతోంది. ఇంజిన్ నడవదు, వేడి ఉండదు, ఫ్యాన్ తిరగదు కాబట్టి కారిన నీళ్లు ఆవిరి కాకుండా అక్కడే కనిపిస్తాయి.

పది నిమిషాల్లో ముల్లు దిగింది. టార్చి వేసి చూస్తే రేడియేటర్ పై ట్యాంకు అంచున, ఫ్యాన్ వైపు, చెమట పట్టినట్టు సన్నటి వరుస. బండి నడిచేటప్పుడు ఒత్తిడి పెరిగాక మాత్రమే అక్కడ కారేది. కారిన చుక్క వేడి రేకుల మీద పడి ఆవిరైపోయేది. కింద తడి లేకపోవడానికి కారణం అదే. రేడియేటర్ విప్పాక లోపల తెల్లటి సున్నం పొర కనిపించింది. మేము ఆరు నెలలు పోసిన బోరు నీళ్లలోని ఉప్పే అది. సన్న గొట్టాలు కొన్ని మూసుకుపోయి ఉన్నాయి. లీకు వయసు వల్ల వచ్చింది. ఆ రోజు దారిలో ఆవిరి రావడానికి మాత్రం మా చెంబు కూడా కారణమే.

కొత్త రేడియేటర్, రెండు హోస్‌లు, మూత, కూలెంట్, కూలి అంతా కలిపి ఇంజిన్ విప్పడానికి చెప్పిన ఖర్చులో నాలుగో వంతు కూడా కాలేదు. హెడ్‌కు ఏమీ కాలేదని కంప్రెషన్ చూపించుకుని మరీ తేల్చుకున్నాం.

నీళ్లు ఇంజిన్ లోపలే పోతుంటే

అన్ని సందర్భాల్లోనూ ఇంత తేలికగా పోదు. గాస్కెట్ నిజంగా పోయిన బండ్లూ ఉంటాయి. వాటి గుర్తులు ఇవి.

ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తుంది. చలికాలం పొద్దున మొదటి కొన్ని నిమిషాలు వచ్చే తెల్లటి ఆవిరి వేరు, దానికి భయపడక్కర్లేదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే పై హోస్ రాయిలా గట్టిపడుతుంది. మూత తీసి చల్లగా ఉండగానే స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తాయి. ఆయిల్ పుల్ల మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటుంది. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కొంచెం తెల్లటి నురగ ఉంటే తొందరపడకండి. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండిలో తేమ వల్ల కూడా అది వస్తుంది.

దీన్ని తేల్చడానికి రెండు పరీక్షలున్నాయి. ఒకటి కంప్రెషన్ టెస్ట్: పక్కపక్క సిలిండర్లు రెండింటిలో ఒత్తిడి బాగా తక్కువ చూపిస్తే వాటి మధ్య గాస్కెట్ పోయినట్టు అనుమానించాలి. రెండోది నీలం ద్రవంతో చేసేది: రేడియేటర్ మూతి దగ్గరి గాలిని ఆ ద్రవం గుండా లాగుతారు. మండిన వాయువు కలిసి ఉంటే అది పసుపు రంగుకు మారుతుంది. ఇంజిన్ విప్పమని ఎవరన్నా సరే, ఈ రెండింటిలో ఒక్కటైనా మన కళ్ల ముందు చేయించాలి. విప్పాల్సి వస్తే కొత్త గాస్కెట్ ఒక్కటీ వేస్తే చాలదు. హెడ్ వంగిందో లేదో సరళమైన బద్ద పెట్టి చూసి, అవసరమైతే మెషిన్ షాపులో చదును చేయించాలి. లేకపోతే కొత్త గాస్కెట్ కూడా నిలవదు.

బాగు చేయించేటప్పుడు

హోస్ ఒక్కటి పోయినా, మిగతావి అదే వయసువి అయితే పెద్ద హోస్‌లు రెండూ, క్లిప్పులూ కలిపి మార్చడం మంచిది. క్లిప్పును మరీ బిగించకూడదు. ప్లాస్టిక్ మూతి పగులుతుంది. వాటర్ పంపు మార్చినప్పుడు దాన్ని తిప్పే బెల్టు కూడా కొత్తది వేయించండి. పాత కార్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ బెల్టే పంపునూ తిప్పుతుంది. అందుకే ఆ బెల్టు తెగితే బ్యాటరీ లైటు వెలిగిన కాసేపటికే ఇంజిన్ కూడా వేడెక్కుతుంది. ఇత్తడి రేడియేటర్‌ను రేడియేటర్ పనివాళ్లు అతుకు పెట్టి బాగు చేయగలరు. ప్లాస్టిక్ ట్యాంకుకు పైన ఎం-సీల్ పూస్తే ఆ వేడికీ ఒత్తిడికీ ఎక్కువ రోజులు నిలవదు.

కొత్త కూలెంట్ పోసేముందు పాత నీళ్లు పూర్తిగా దించి, శుభ్రమైన నీళ్లతో కడగాలి, రంగు లేకుండా వచ్చేదాకా. కూలెంట్ రెండు రకాలుగా అమ్ముతారు: నేరుగా పోసేది, నీళ్లు కలపాల్సినది. కలపాల్సినదైతే బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. బళ్లారి, కోలారు, సోలాపూర్ చుట్టుపక్కల బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో మన ఇళ్ల కుళాయిల మీది తెల్లటి పొరే చెబుతుంది. అదే పొర రేడియేటర్ లోపలా కడుతుంది. రంగు చూసి కూలెంట్ కలపకండి. ఒకే రంగులో వేరే వేరే రసాయనాలు ఉంటాయి. సీసా మీద రాసినదీ, కారు పుస్తకంలో రాసినదీ ఒకటి కావాలి. గడువు కూడా అందులోనే ఉంటుంది.

పోసేటప్పుడు నిదానంగా పోయాలి. హీటర్ మీటను పూర్తి వేడి వైపు తిప్పి, మూత తీసే ఉంచి, చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేయాలి. వేడెక్కుతున్న కొద్దీ బుడగలు వస్తాయి, మట్టం దిగుతుంది, మళ్లీ పోయాలి. చిమ్మే అవకాశం ఉంటుంది కాబట్టి మొహం దూరంగా పెట్టండి. థర్మోస్టాట్ తెరుచుకుని, కింది హోస్ కూడా వెచ్చబడి, బుడగలు ఆగాక మూత బిగించాలి. డబ్బాలో లో, ఫుల్ గీతల మధ్యకు పోయాలి. తరువాత ఇంజిన్ నడుస్తుండగా ఫ్యాన్ తిరిగి, మళ్లీ ఆగేదాకా ఆగి చూడండి. ఫ్యాన్ తిరగకపోతే పని పూర్తి కానట్టే. మరునాడు పొద్దున చల్లారాక మట్టం మళ్లీ చూడాలి. లోపల మిగిలిన గాలి బయటికి పోయి కొంచెం తగ్గడం మామూలే. మూడో రోజు కూడా తగ్గితే లీకు ఇంకా ఉంది.

పసుపు, పొడులు, తీసేసిన వాల్వ్

రేడియేటర్ కారితే రెండు చెంచాల పసుపు వేయమని పాత లారీ డ్రైవర్లు చెప్తారు. సన్న చిల్లు దగ్గర పొడి చేరి ఉబ్బి కాసేపు ఆపుతుంది, నిజమే. చీకటి పడుతూ, ఊరు ఇంకా దూరం ఉంటే ఆ ఒక్క ప్రయాణానికి పనికొస్తుంది. కానీ పసుపుకు చిల్లుకూ సన్న గొట్టానికీ తేడా తెలియదు. అంగట్లో అమ్మే లీక్ స్టాప్ పొడులదీ అదే కథ. వేస్తే ఊరు చేరాక మొత్తం కడిగించి, అసలు లీకు బాగు చేయించాలి.

ఇంకొకటి, "ఈ ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు సార్" అని తీసేసే అలవాటు. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రావడానికి ఆలస్యమవుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు తొందరగా అరుగుతాయి. వాల్వ్ ఇరుక్కుంటే కొత్తది వేయించాలి. దాని వెల ఎక్కువేమీ కాదు.

దారిలో వేడెక్కితే

ముల్లు పైకి పోతున్నా, ఏసీ గాలి హఠాత్తుగా వేడెక్కినా, తియ్యటి వాసన వచ్చినా ముందు ఏసీ ఆపండి. పక్కకు తీయడానికి చోటు దొరికేదాకా కిటికీలు దించి హీటర్ పూర్తిగా వేయండి. చెమటలు పట్టినా ఇంజిన్‌లోని వేడి కొంత ఇటు వచ్చేస్తుంది. ఆవిరి కనిపిస్తే మాత్రం ఇక ఒక్క కిలోమీటరు కూడా వద్దు, ఆపేయండి. కనీసం ముప్పావుగంట ఆగాలి. కాలుతున్న ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోస్తే హెడ్ పగలొచ్చు.

చల్లారాక హోస్ చివర చీలి ఉంటే, పొడుగు సరిపోతే ఆ చివర కోసి మళ్లీ బిగించవచ్చు. మధ్యలో చీలితే పాత సైకిల్ ట్యూబు పట్టీని లాగి గట్టిగా చుట్టి రెండు వైపులా కట్టండి. అలాంటప్పుడు ఏ తాగే నీళ్లయినా పోయవచ్చు. నిదానంగా, మధ్యమధ్యలో ఆగి చూసుకుంటూ దగ్గరి ఊరు చేరండి. తరువాత కడిగించుకోవాలి.

మెకానిక్‌తో మాట

మన ఇళ్లలో తెలుగు, షెడ్డులో ఆ ఊరి భాష. ఇంట్లో "నీళ్లు కారుతున్నాయి" అనేది తమిళంలో "తణ్ణి ఒళుగుదు", కన్నడంలో "నీరు సోరుత్తె", మరాఠీలో "పాణీ గళతంయ్", ఒడియాలో "పాణి గళుచి". ఆ మాట మనందరికీ వచ్చు. రావాల్సింది తరువాతి ప్రశ్న: "ఎక్కడి నుంచి? నాకు చూపించు." చూపించిన చోటును ఫోనులో ఫోటో తీసుకోండి. తీసేసిన పాత భాగం అడిగి తీసుకోండి. ఎప్పటి నుంచి తగ్గుతోంది, వారానికి ఎంత పోస్తున్నాం, కింద తడి ఉందా లేదా, ఏసీ వేస్తేనా, ఘాట్‌లోనా అని ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే మంచి మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో ప్రతి ఆదివారం పొద్దున, బండి కదలకముందే, నాన్నగారు బానెట్ ఎత్తి చూస్తారు. డబ్బా మీద స్కెచ్ పెన్నుతో ఒక గీత పెట్టి పక్కన తేదీ రాశారు. గీత కిందికి దిగితే నీళ్లు పోయడం లేదు, ఎక్కడికి పోయాయో ముందు వెతుకుతున్నాం. ఆ చెంబు తిరిగి తులసికోట దగ్గరికి చేరింది.